కొరియా బంగాళాదుంప అట్టు గమ్జాజొన్: తరచుగా అడిగే ప్రశ్నలు

గమ్జాజొన్ అంటే ఏమిటి?

కొరియా భాషలో "గమ్జా" అంటే బంగాళాదుంప. "జొన్" అంటే పెనం మీద నూనె పోసి కాల్చినది, మన అట్టు లాంటిది. పలికేటప్పుడు మధ్యలో "మ్" మింగేయకండి. మా ఇంట్లో మొదటిసారి ఈ పేరు విన్న పెద్దాయన "గంజాయి అట్టేమిటమ్మా?" అని కంగారుపడ్డారు.

మీరు ఆలుగడ్డ అన్నా, ఉర్లగడ్డ అన్నా సరుకు ఒక్కటే. దుంప, ఉప్పు, కాల్చడానికి నూనె. అసలు పద్ధతిలో ఇంకేమీ ఉండదు. అంచులు మినపరొట్టె అంచులా కరకరలాడతాయి, మధ్యలో మాత్రం మెత్తగా, నమిలితే కాస్త సాగుతుంది. ఆ సాగుడే దీని ప్రత్యేకత. ఉడకబెట్టిన ఆలుతో చేసే టిక్కీలో అది రాదు.

గుడ్డు లేకపోతే అట్టు విడిపోదా? వీగన్‌ల కోసం, అంటే గుడ్డు, పాలు, నెయ్యి కూడా తిననివాళ్ల కోసం, ఏం మార్చాలి?

ఏమీ మార్చక్కర్లేదు. గుడ్డు తీసేసి దాని బదులు ఇంకేదో పెట్టిన వంటకం కాదిది. పుట్టడమే గుడ్డు లేకుండా పుట్టింది. పచ్చిదుంపలో ఉన్న పిండిపదార్థం సుమారు 60 డిగ్రీల వేడి దాటగానే నీళ్లు పీల్చుకుని ఉబ్బి జిగురవుతుంది. అట్టుని పట్టి ఉంచేది ఆ జిగురే. మన వైపు చూసుకోవాల్సింది ఒక్కటే: చేతివాటంగా నెయ్యి వెయ్యకండి.

కొలతలు, చేసే పద్ధతి చెప్పండి.

ఇద్దరికి అరకిలో దుంపలు, అంటే మధ్యరకంవి నాలుగు. చిన్న ఉల్లిపాయలో సగం, అర టీస్పూను ఉప్పు, కాల్చడానికి నాలుగైదు టేబుల్ స్పూన్ల నూనె. పైన అలంకారానికి ఒక ఎర్రమిర్చి, ఒక పచ్చిమిర్చి చక్రాల్లా తరిగి పెట్టుకోండి.

దుంపలు చెక్కు తీసి, ఉల్లితో కలిపి సన్నగా కోరండి. ఒక గిన్నె మీద జల్లెడ పెట్టి కోరినదంతా అందులో వెయ్యండి. గరిటె వెనక వైపుతో మెల్లగా నొక్కితే నీళ్లు కిందికి దిగుతాయి. ఆ నీళ్ల గిన్నెని పక్కన పెట్టి పది పదిహేను నిమిషాలు ముట్టుకోకండి.

ఈ వంట మొత్తానికి అసలు ఘట్టం ఇదే. గిన్నెలో పైన గోధుమరంగు నీళ్లు తేరుకుంటాయి, అడుగున తెల్లటి పిండి సున్నంలా గట్టిగా పేరుకుంటుంది. గోధుమ పాల హల్వా చేసేవాళ్లకి ఈ పని కొత్త కాదు, పాలు తేరాక పై నీళ్లు వంపేయడం వాళ్లు రోజూ చేసేదే. ఇక్కడా అంతే. పై నీళ్లు నెమ్మదిగా వంపేయండి. గిన్నె పూర్తిగా వాల్చినా పిండి కదలదు, భయపడకండి. చిప్స్ కోసం దుంపలు నీళ్లలో వేసినప్పుడు అడుగున మిగిలే తెల్లటి మడ్డి ఇదే. ఏళ్ల తరబడి సింకులో పోసింది దీన్నే.

ఇప్పుడు జల్లెడలోని తురుముని ఈ పిండిలో వేసి, చేత్తో అడుగు గీకి కలపండి. ఉప్పు ఆఖరున, పెనం వేడెక్కాక వెయ్యండి. ముందే వేస్తే తురుము మళ్లీ నీరు కారుతుంది. ముద్ద గారెల పిండి కన్నా కాస్త జారుగా ఉండాలి, దోసెల పిండిలా మాత్రం ఉండకూడదు.

పెనం మధ్యస్థం మంట మీద బాగా వేడెక్కాక రెండు స్పూన్ల నూనె పోసి, ఒక గరిటెడు ముద్ద వేసి, స్పూనుతో అర సెంటీమీటరు మందంగా సర్దండి. దోసె తిప్పినట్టు తిప్పితే చిరుగుతుంది. నొక్కి పరవాలి. మిర్చి చక్రాలు పైన అద్దండి. నాలుగైదు నిమిషాలు వదిలేయండి. అంచులు అద్దంలా పారదర్శకంగా మారి, ఆ తరవాత బంగారు రంగుకి తిరుగుతాయి. అప్పుడు అట్లకాడ అడుగు దాకా దూర్చి ఒకేసారి తిప్పండి. చుట్టూ ఇంకో స్పూను నూనె వేసి, మూడు నాలుగు నిమిషాల తరవాత దించేయండి. మూత పెట్టొద్దు. పెడితే ఆవిరికి అంచులు మెత్తబడతాయి.

ఎలాంటి దుంప తీసుకోవాలి?

పిండి ఎక్కువున్నది. ఉడికిస్తే పొడిపొడిగా విరిగే రకం మంచిది. కుఫ్రీ జ్యోతి, చిప్సోనా రకాలతో బాగా వచ్చింది. కానీ సంతలో రకం పేరు రాసి అమ్మరు కాబట్టి చేత్తో చూసుకోవడమే: గట్టిగా, బరువుగా, గరుకు తొక్కతో ఉన్నవి ఎంచండి. చిటికెన వేలితో గీరితే తొక్క లేచొచ్చే కొత్త దుంపల్లో నీరెక్కువ. వాటితో చేస్తే నొక్కిన నీళ్లు గిన్నెడు వస్తాయి, అడుగున పిండి చెంచాడు కూడా రాదు.

ఫ్రిజ్‌లో పెట్టిన దుంపలు మాత్రం వద్దు. చలికి వాటిలో పిండి చక్కెరగా మారుతుంది. అట్టు లోపల ఉడకకముందే పైన మాడుతుంది, రుచిలో తీపి తగులుతుంది. పచ్చబారిన దుంపల్ని, మొలకలొచ్చినవాటిని పక్కన పడేయండి. వాటిలో చేరే సొలనిన్ అనే పదార్థం చేదు, ఒంటికీ మంచిది కాదు. కాల్చినా అది పోదు.

కోరాలా, మిక్సీలో వెయ్యొచ్చా?

కొరియా ఇళ్లలో గాంగ్‌పాన్ అని ఒక పలక ఉంటుంది. దాని మీద చిన్న చిన్న ముళ్లు. దుంపని గుండ్రంగా రుద్దితే తురుము కాదు, గుజ్జు వస్తుంది. మన డబ్బా గ్రేటరుకి ఒక వైపు, అల్లం, జాజికాయ కోరే గరుకు ముళ్లుంటాయి చూడండి, దాదాపు అదే. క్యారెట్ కోరే పెద్ద కన్నాల వైపు వాడితే వచ్చేది వేరే అట్టు. దాని సంగతి కింద చెప్తాను.

చేతులు నొప్పెడతాయన్నది నిజం. అరకిలో కోరేసరికి భుజం గుర్తొస్తుంది, ఆఖరి ముక్క దగ్గర వేలి గోరూ గుర్తొస్తుంది. మిక్సీలో వేసుకోవచ్చు, ఈ రోజుల్లో కొరియాలోనూ చాలామంది బ్లెండరే వాడతారు. ముక్కలు చేసి, తిరగడానికి సరిపడా నీళ్లు మాత్రం పోసి, ఆపి ఆపి తిప్పండి. మరీ వెన్నలా రుబ్బితే అట్టు నున్నగా, కాస్త రబ్బరులా వస్తుంది. నోటికి పీచు తగలాలి. నా ఓటు గ్రేటరుకే. నలుగురికి మించి చేయాలంటే మాత్రం నేనూ మిక్సీనే తీస్తాను.

కోరగానే ఎర్రబడి, తరవాత నల్లబడుతోంది. పాడైనట్టా?

పాడవలేదు. దుంప కోసినప్పుడు దానిలోని ఎంజైము గాలి తగిలి చేసే పని అది, వంకాయ ముక్కలు నల్లబడినట్టే. రుచికి తేడా రాదు, చూపుకే కాస్త బూడిదరంగు. అందుకే ఉల్లిపాయని దుంపతో పాటే కోరమన్నాను. ఉల్లిలోని గంధకపు పదార్థాలు ఆ పనిని నెమ్మదింపజేస్తాయి. చెక్కు తీసిన దుంపలు కోరేదాకా నీళ్లలో ఉంచండి, కోరాక ఆలస్యం చేయకండి. ఫోను వస్తే తరవాత మాట్లాడొచ్చు.

నా అట్టు మధ్యలో పచ్చిగా, జిగటగా ఉండిపోయింది. ఎందుకు?

నాకొచ్చిన ఉత్తరాల్లో సగం ఇదే. మూడు కారణాల్లో ఒకటి అయ్యుంటుంది. మందంగా వేశారు, లేదా పెద్ద మంట మీద పైపైన రంగు రాగానే తిప్పేశారు, లేదా నీళ్లు సరిగ్గా దిగనివ్వలేదు. అరచేయంత చిన్నవి వేస్తే మూడింటికీ ఒకే మందు. తిప్పడం కూడా సులువు.

తిప్పేటప్పుడు విరిగిపోతోందంటే అది వేరే రోగం: తొందరపడుతున్నారు. పెనాన్ని కాస్త ఊపి చూడండి. అట్టు తనంతట తాను జారితే సిద్ధమైనట్టు. అంటుకుని ఉంటే ఇంకో నిమిషం ఆగండి. ఎక్కువ నీళ్లు పిండేసినా విరుగుతుంది. గుడ్డలో వేసి బలమంతా పెట్టి పిండితే తురుము పొట్టులా పొడిబారుతుంది, పిండి దానికి పట్టుకోదు. జల్లెడలో నొక్కడం చాలు.

మైదా గానీ కార్న్‌ఫ్లోర్ గానీ ఒక చెంచా కలిపితే?

కలిపితే అట్టు వస్తుంది, గమ్జాజొన్ రాదు. మైదా పడగానే సాగుడు పోయి మామూలు రొట్టె రుచి వస్తుంది. బియ్యప్పిండి కరకర పెంచుతుంది గానీ లోపలి మెత్తదనాన్ని తినేస్తుంది. కొత్త దుంపలు దొరికి, అడుగున పిండి చాలని రోజున మాత్రం కొట్లో దొరికే బంగాళాదుంప స్టార్చ్ ఒకటి రెండు చెంచాలు వేసుకోండి. అది పరాయి పిండి కాదు, ఇంటిదే. అది లేకపోతే కార్న్‌ఫ్లోర్‌తో సర్దుకోండి.

ఏ నూనె?

వాసన లేనిది: పొద్దుతిరుగుడు, తవుడు నూనె. వేరుశనగ కూడా బాగుంటుంది. నువ్వుల నూనెతో కాల్చొద్దు. వేయించిన నువ్వుల నుంచి తీసే కొరియా నూనె పెనం మీద మాడి చేదవుతుంది. దాన్ని ముంచుకునే పులుసులో రెండు చుక్కలు వేసుకోండి చాలు. నూనె విషయంలో పిసినారితనం చూపితే ఫలితం అట్టు మీదే కనిపిస్తుంది. నాన్‌స్టిక్ పెనం మీద అరచెంచాతో కాలుతుంది గానీ అది కాలడమే, కరకరలాడదు. ఎయిర్ ఫ్రయర్ గురించి అడిగేవాళ్లకీ ఇదే జవాబు.

ముంచుకోవడానికి ఏమిటి? టమాటా సాస్ సరిపోతుందా?

పిల్లలకి సరిపోతుంది. పెద్దవాళ్లు చొగాన్‌జాంగ్ చేసుకోండి: రెండు చెంచాల సోయాసాస్, ఒక చెంచా వెనిగర్, ఒక చెంచా నీళ్లు, చిటికెడు పంచదార, వేయించిన నువ్వులు, సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి. అట్టులో ఉప్పు తక్కువ ఉండేది ఈ పులుపూ ఉప్పూ తోడవుతాయనే.

సోయాసాస్ కొనేటప్పుడు లైట్ అని రాసినది చూడండి. ఫ్రైడ్ రైస్ బండి మీద వాడే నల్లటి చిక్కటి రకం వేస్తే పులుసంతా మాడిన బెల్లం రుచి వస్తుంది. గోధుమ పడనివాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అట్టులో గోధుమ లేకపోయినా మామూలు సోయాసాస్‌లో ఉంటుంది. గోధుమ లేని రకం వేరుగా దొరుకుతుంది.

కారం కావాలంటే కొరియా వాళ్లు గొచుగారు చల్లుతారు. పేరు చివరి "గారు" మర్యాదకి కాదు, పొడి అని అర్థం. మిరప్పొడిగారు అన్నమాట. రంగు ఎక్కువ, కారం తక్కువ. దాని బదులు బ్యాడిగి గానీ కాశ్మీరీ గానీ బరకగా కొట్టుకోండి. గుంటూరు కారం అదే కొలతలో వేశారో, దుంప రుచి ఇక తెలియదు.

ఉల్లి, వెల్లుల్లి తినం. మాకు కుదురుతుందా?

చక్కగా కుదురుతుంది. కొరియాలో బౌద్ధ సన్యాసుల వంటకి పెద్ద సంప్రదాయమే ఉంది. మాంసం, చేపలే కాదు, ఘాటైన ఐదు దినుసుల్నీ వాళ్లు ముట్టరు. ఉల్లికాడలు, వెల్లుల్లి ఆ ఐదింటిలోవే. ధ్యానానికి అడ్డం వస్తాయని వాటిని వదిలేశారు. కార్తీకమాసంలో ఉల్లి మానేసే ఇళ్లకి ఈ మాట కొత్తగా అనిపించదు.

ఉల్లి లేకపోతే దుంప త్వరగా నల్లబడుతుంది, అంతే. నాలుగు చుక్కల నిమ్మరసం వేసి గబగబా కాల్చేయండి. పులుసులో ఉల్లి బదులు సన్నటి అల్లం తురుము వేసుకోవచ్చు.

కొరియా హోటల్లో కళ్లు మూసుకుని ఆర్డరివ్వొచ్చా?

మూసుకోవద్దు. దుంపతో మాత్రమే చేసేచోట ఇబ్బంది లేదు. కానీ కొన్నిచోట్ల గుడ్డు కలుపుతారు, కొన్నిచోట్ల పైన చీజ్ వేస్తారు. అదే పెనం మీద సముద్రపు చేపల అట్టూ కాలుతుంటుంది. పక్కన పెట్టే కిమ్‌చీ అనే ఊరగాయ అసలు చిక్కు: చూడ్డానికి క్యాబేజీ, మిరప్పొడే గానీ మామూలుగా అందులో ఉప్పులో ఊరిన రొయ్యలో, చేపల సాసో ఉంటుంది. సూపు పులుసులు సైతం ఎండు నెత్తళ్లతో కాచినవే ఎక్కువ. "మాంసం లేదు" అన్న జవాబులో ఇవి చాలాసార్లు లెక్కకి రావు. చేప, రొయ్య, గుడ్డు అని ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగండి.

వాన పడితే కొరియా వాళ్లు ఈ అట్లే ఎందుకు తింటారు?

మనకి వానొస్తే మిరపకాయ బజ్జీలు గుర్తొచ్చినట్టే. నూనెలో ముద్ద పడ్డప్పటి చప్పుడు వాన చప్పుడులా ఉంటుంది కాబట్టి అని వాళ్లు చెప్పుకుంటారు. తోడుగా మక్కొల్లి అనే బియ్యపు కల్లు తాగుతారు. తెల్లగా, తియ్యపుల్లగా ఉంటుంది. ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడ దుంపలు కోతకొచ్చేది జూన్ చివర, పగలు అతి పొడవుగా ఉండే రోజుల్లో. ఆ రోజు పేరుతోనే వాటిని "హాజి గమ్జా" అంటారు. ఆ వెంటనే వానాకాలం మొదలవుతుంది. కొత్త పంట, వాన ఒకేసారి ఇంటికొస్తాయి.

ఇది కొరియా అంతటి వంటకమా?

ఇప్పుడు అంతటా తింటారు, ఊరు మాత్రం గాంగ్వొన్. దక్షిణ కొరియా ఈశాన్యాన కొండలు నిండిన రాష్ట్రం, 2018 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన ప్యొంగ్‌చాంగ్ అక్కడిదే. వరి మడులకి చదునైన నేల తక్కువ, చలి ఎక్కువ. బంగాళాదుంప కొరియాకి 19వ శతాబ్దం మొదటి భాగంలో ఉత్తర సరిహద్దు మీదుగా వచ్చింది. కొండవాలు నేలల్లో దుంప, మొక్కజొన్న, బక్‌వీట్ అనే గింజలు పండించుకుని బతికిన పేదల తిండి ఇది. గాంగ్వొన్ వాళ్లని మిగతా వాళ్లు "గమ్జాబావి" అంటారు, బంగాళాదుంప బండ అని. ఎగతాళిగా పుట్టిన మాటే అయినా వాళ్లూ దాన్ని నవ్వుతూ మోస్తారు. కరోనా వచ్చిన 2020 మార్చిలో కొనేవాళ్లు లేక దుంపలు మిగిలిపోతే, ఆ రాష్ట్ర గవర్నరే సోషల్ మీడియాలో బేరం పెట్టారు: 10 కిలోల పెట్టె 5,000 వొన్‌కి. కచేరీ టికెట్ల కోసం ఎగబడ్డట్టు జనం ఎగబడ్డారు.

అక్కడివాళ్లు దుంపని ఎంత పొదుపుగా వాడేవారో చెప్పడానికి ఒక్క వంట చాలు. గడ్డకట్టినవి, దెబ్బతిన్నవి పారేయకుండా నీళ్ల జాడీల్లో వేసి కుళ్లబెట్టేవారు. కంపు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి, అడుగున మిగిలిన పిండిని ఎండబెట్టుకుని, దాంతో గమ్జాతొక్ అనే నల్లటి ఉడికించిన ఉండలు చేసేవారు. గిన్నె అడుగు పిండి పారబోయొద్దని నేను ఇంతగా చెప్పడం ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

అదే ముద్దతో ఇంకేమైనా చెయ్యొచ్చా?

ఒంగ్‌సిమి. ఇదీ గాంగ్వొన్‌దే, గాంగ్‌నుంగ్ ఊరు దీనికి పేరు. తురుముని గుడ్డలో గట్టిగా పిండి (ఇక్కడ గట్టిగానే పిండాలి), అడుగు పిండితో కలిపి, ఉసిరికాయంత ఉండలు చేసి మరిగే పులుసులో వెయ్యడమే. పైకి తేలి, కాస్త గాజులా మెరిస్తే ఉడికినట్టు. పులుసుకి నెత్తళ్ల బదులు ఎండు పుట్టగొడుగులు, సముద్రపు నాచు కాచుకోండి.

పెద్ద కన్నాల గ్రేటరుతో చేసేది ఏమిటన్నారు?

దుంపని అగ్గిపుల్లల్లా తరిగి, కడగకుండా, ఉప్పు వేసి, ఒకటి రెండు చెంచాల స్టార్చ్ కలిపి కాలిస్తే వచ్చేది. సాగదు, మొత్తం కరకరే. పది నిమిషాల పని. పిల్లల డబ్బాలోకి దీన్నే నేను ఎక్కువ చేస్తాను. అసలుదాని మీద ఎంత ప్రేమున్నా పొద్దున ఏడింటికి దుంప నీళ్లు తేరేదాకా ఎవరు కూర్చుంటారు?

కొరియాలో పెసరట్టు ఉందని విన్నాను. నిజమేనా?

ఉంది. పేరు బిందెతొక్. పొట్టు తీసిన పెసరపప్పు నానబెట్టి రుబ్బి, మందంగా వేస్తారు. రాజధాని సోల్‌లోని గ్వాంగ్‌జాంగ్ సంతలో తిరగళ్లతో రుబ్బి కళ్ల ముందే కాలుస్తారు. మనకి చుట్టమే గానీ అలవాట్లు వేరు: లోపల పంది మాంసం, కిమ్‌చీ కలపడం మామూలు. ఇంట్లో పెసర మొలకలు, చేపలు లేని కిమ్‌చీ వేసి చేసుకోవచ్చు. అల్లం పచ్చడి అడక్కండి, అది మనదే.

మిగిలితే దాచుకోవచ్చా?

ముద్ద దాచొద్దు. గంటలోనే నల్లబడి నీరు వదులుతుంది. కాల్చినవి ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంటాయి, చల్లారితే తోలులా బిగుసుకుంటాయి. మళ్లీ పెనం మీద కాస్త నూనెతో వేడి చేస్తే అంచులు తిరిగొస్తాయి. మైక్రోవేవ్‌లో అసలు రావు.

నలుగురు కూర్చుంటే ఒకేసారి ఎలా వడ్డించాలి?

కుదరదు. దోసెలకి ఎలా నిలబడతామో దీనికీ అంతే. కొరియాలో ఒక్కో అట్టు బల్ల మధ్యన పెడితే అందరూ చాప్‌స్టిక్స్‌తో తుంచుకుంటారు, అది అయ్యేలోపు ఇంకోటి వస్తుంది. రెండు పెనాలు పెట్టుకుంటే పని తేలిక. చివరి అట్టు కాల్చినవాళ్లది. దానికి గిన్నె అడుగున కాస్త ఎక్కువ ముద్దే మిగుల్చుకోండి, ఎవరూ చూడరు.